అత్త చెప్పిన ఊరు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరస ఇళ్ళలో ఏ తెలుగువారి తలుపు తట్టి "మీదే ఊరు?" అని అడిగినా, శ్రీకాకుళం పక్క ఏదో ఒక పల్లె పేరు చెబుతారు. తాతల కాలంలో వచ్చినవాళ్ళూ అంతే. పుట్టింది ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో, చదివింది రైల్వే బడిలో, ఉద్యోగం రైలింజన్ల షెడ్‌లో, కాపురం క్వార్టర్‌లో. ఊరు మాత్రం అక్కడ. శుభలేఖలో అదే వేస్తారు. రైలు పాసు కోసం సొంతూరు రాసివ్వమంటే అదే రాస్తారు. పెళ్ళై వచ్చిన కొత్తలో నాకిది తమాషాగా ఉండేది. తర్వాత ఎవరైనా అడిగితే నేనూ అలాగే చెప్పడం నేర్చుకున్నాను.

నేను పుట్టింది బర్మాలో, మౌల్మీన్ దగ్గర రబ్బరు తోటల మధ్య. మా తాతా, మా అత్తగారి నాన్నా సొంత అన్నదమ్ములు. ఇద్దరూ శ్రీకాకుళం పక్క ఒకే పల్లెలో పుట్టి కూలి వెతుక్కుంటూ బయలుదేరారు. అన్న ఓడెక్కాడు, తమ్ముడు రైలెక్కాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు బర్మా నుంచి చాలామంది అడవుల గుండా నడిచి వెనక్కి వచ్చేశారట. మా తాత రాలేదు. దేశభక్తి లేక కాదు, తెగింపు లేక కాదు. మా నాయనమ్మకు నెలలు నిండాయి, నడవలేకపోయింది. ఆ కడుపులో ఉన్నది మా నాన్న. అలా అన్న పిల్లలు పరదేశులయ్యారు, తమ్ముడి పిల్లలు రైల్వేవాళ్ళయ్యారు.

తీర్థయాత్రకని మా పెద్దమ్మతో ఇండియా వచ్చినప్పుడు చుట్టపుచూపుగా బిలాస్‌పూర్‌లో దిగాం. అత్త నన్ను చూసింది. మా అన్న కూతురు, నా మేనకోడలు, దీన్ని ఇంకెవరికో ఇస్తారా అంది. మా ఆయన అప్పటికే లోకో షెడ్‌లో ఫిట్టర్. పెళ్ళి జరిగిపోయింది. మేనత్త కాబట్టి ఆవిణ్ణి 'అత్తా' అనే పిలిచేదాన్ని, పెళ్ళయ్యాకా అదే పిలుపు. ఆవిడ నన్ను వాళ్ళ యాసలో చిన్నపిల్లని పిలిచినట్టు 'గుంటా' అనేది. నాకు కూతురు పుట్టి అది కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా నేను గుంటనే.

మౌల్మీన్‌లో ఆదివారం ఆదివారం గుడి అరుగు మీద కూర్చోబెట్టి మాకు తెలుగు నేర్పేవారు. తప్పు రాస్తే చెవి మెలేసేవారు. అందుకని బిలాస్‌పూర్ వచ్చాక ఒక విచిత్రం జరిగింది. ఇక్కడి పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఎవరింట్లో పెళ్ళైనా శుభలేఖ ప్రెస్సుకు వెళ్ళే ముందు నా దగ్గరకు వచ్చేది, తప్పులు దిద్దమని. పైగా "మన ఊరి పేరు సరిగ్గా పడిందా చూడమ్మా" అని ప్రత్యేకంగా చెప్పేవారు. వాళ్ళ ఊరి పేరు వాళ్ళకు చదవడం రాదు, నాకు వచ్చు. కానీ సర్కారు లెక్కలో వాళ్ళు ఈ దేశం వాళ్ళు, నేను కాదు.

ఏటా పోలీసు ఆఫీసులో విదేశీయుల గదికి వెళ్ళి పర్మిట్ పొడిగించుకోవాలి. బల్ల మీద కూర్చుని పిలిచేదాకా చూడాలి. అక్కడి గుమాస్తాలు మంచివాళ్ళే, టీ కూడా ఇచ్చేవారు. కానీ కొత్తవాడెవడొచ్చినా నా మొహం కేసి, కాగితం కేసి మార్చి మార్చి చూసి, "బర్మావా? అలా కనపడవే" అనేవాడు. ఎలా కనపడాలో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి అయ్యేది కాదు. ఇరవై ఏళ్ళు పైబడి ఈ ఊరి నీళ్ళు తాగి, ఈ ఊరి ఎండకు మాడి, ఏడాదికోసారి 'నన్ను ఉండనిస్తారా' అని అడగడానికి వెళ్ళడం అవమానంగా ఉండేది. ఇంట్లోవాళ్ళకు అది తెలిసేది కాదు. వాళ్ళకది కరెంటు బిల్లు కట్టి రావడం లాంటి పని.

పౌరసత్వానికి అర్జీ పెట్టమని మొదట అన్నది మా అమ్మాయి. "మమ్మీ, పాపా రిటైర్ అయ్యే లోపల కర్ దో నా" అంది, వాళ్ళ నాన్న ఉద్యోగంలో ఉండగానే పెట్టెయ్యమని. నిబంధనలు అదే చదివి చెప్పింది. ఈ దేశస్థుణ్ణి పెళ్ళాడినవాళ్ళు ఏడేళ్ళు ఇక్కడ నివాసం ఉండాలి. అందులో చివరి ఏడాది దేశం దాటకూడదు. ఏడేళ్ళెప్పుడో దాటాయి. ఆ ఏడాది మాత్రం జాగ్రత్తగా గడిపాను. మౌల్మీన్‌లో తమ్ముడు కొత్తింట్లో పాలు పొంగించుకుంటున్నాం రమ్మంటే రానన్నాను. వాడు నొచ్చుకున్నాడు. నాకూ కష్టంగానే ఉండింది. ఒక్కసారి ఈ పని అయిపోతే ఇంకెవరినీ ఏమీ అడగక్కర్లేదు కదా అనుకుని ఓర్చుకున్నాను.

చిక్కేమిటంటే, నేను ఇక్కడే ఉన్నానని చెప్పే కాగితం నా పేరు మీద ఒక్కటీ లేదు. క్వార్టర్ మా ఆయనది. కరెంటు డబ్బులు ఆయన జీతంలోంచే కోసుకుంటారు. గ్యాస్ ఆయన పేరున. నేను బిలాస్‌పూర్‌లో ఉన్నట్టు ఉన్న ఒకే రుజువు, నన్ను విదేశీయురాలిగా చూపించే ఆ పోలీసు పర్మిటే, అదొక్కటే చాలదట. కలెక్టరాఫీసులో గుమాస్తా, "పర్వాలేదు, పోలీసువాళ్ళు ఇంటికొచ్చి విచారిస్తారు. ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ చెబితే చాలు" అన్నాడు. గుండె కుదుటపడింది. మా ఇరుగుపొరుగులో నా చేతి పులుసు తినని వాళ్ళెవరు?

విచారణకు మనిషి వచ్చిన రోజు నేను బుధ్వారీ బజార్‌కు కూరలకు వెళ్ళాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. అత్త ఒక్కతే వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"పోలీసాయన వొచ్చినాడే గుంటా. ఎంత బాగా మాటాడినాడనుకున్నావు! కుర్సీ ఎయ్యబోతే వొద్దమ్మా అని మెట్టు మీదే కూకున్నాడు. టీ తాగినాడు."

"ఏమడిగాడత్తా?"

"మీదే ఊరమ్మా అన్నాడు. సెప్పినాను."

నా చేతిలో సంచి చేతిలోనే ఉండిపోయింది. "ఏం చెప్పావు?"

"ఏటి సెప్తాను? మన ఊరి పేరు సెప్పినాను. ఇక్కడ మాకేటున్నాది బాబూ, డ్యూటీ కోసం పడున్నాం, ఇల్లూ వాకిలీ అంతా అక్కడే, వొస్తూ పోతూ ఉంటాం అన్నాను. ఆయన అచ్ఛా అచ్ఛా అని రాసుకున్నాడు."

"నా గురించి?"

"నీ గురించి గట్టిగానే సెప్పినాను. మీ కోడలు బయట దేశం మనిషి కదా అన్నాడు. నాకు కోపం వొచ్చింది. బయటదేటి, అది మా ఊరి పిల్లే, నా అన్న కూతురు, మాతో పాటే ఊరెల్తాది వొస్తాది అన్నాను. పక్కింటాయన్ని కూడా పిలిసి అడిగినాడు. ఆయనా అదే సెప్పినాడు, మేవంతా ఆంధ్రావోలం, ఇక్కడ ఎవులూ పర్మనెంట్ కాదు అని."

నన్ను పరాయిదంటే పడలేక, నన్ను కాపాడటానికి అన్న మాటలవి. నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణాన నోరు ఆగలేదు. "నువ్వు చెప్పింది ఏమిటో తెలుసా అత్తా? నేనిక్కడ ఉండటం లేదని చెప్పావు!" అని అరిచాను. ఆవిడకు అర్థం కాలేదు. ఇక్కడే కదా ఉన్నావు, కనపడటం లేదా అన్నట్టు చూసింది. చింతపండు పీట పక్కకు జరిపి లోపలికి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు కలెక్టరాఫీసు నుంచి పిలుపొచ్చింది. అదే గుమాస్తా ఫైలు తిప్పి, హిందీలో ఉన్న రిపోర్టు చదివి వినిపించాడు. ఈ కుటుంబం స్థిర నివాసం ఆంధ్రలో, ఉద్యోగరీత్యా ఇక్కడ, రాకపోకలు ఉన్నాయి. అర్జీదారు ఈ చిరునామాలో నిలకడగా ఉంటున్నట్టు తేలలేదు. అంతే. తిట్లు లేవు, అబద్ధాలు లేవు. మావాళ్ళు చెప్పిందే రాశాడు ఆ మనిషి.

"మళ్ళీ విచారణ కోరుకోవచ్చు. కానీ ఈలోగా ఊరు మారకండి. మారితే ఫైలూ మారాలి, మళ్ళీ మొదటి నుంచి మొదలు" అన్నాడు గుమాస్తా.

 కానీ మేము ఊరు మారబోతున్నాం. మా ఆయన రిటైర్మెంటు దగ్గరకొచ్చేసింది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆ పల్లెలో చిన్న జాగా కొని ఉంచారు ఆయన, ఎప్పుడో, అత్త పోరగా పోరగా. రిటైరైన వెంటనే అక్కడ రెండు గదులు వేసుకుని వెళ్ళిపోవాలని అనుకున్నదే. ఏ గది ఏ దిక్కున ఉండాలో, తులసికోట ఎక్కడ కట్టాలో అత్త ఎన్నోసార్లు చెప్పింది. మా అమ్మాయి నవ్వుతూ, "దాదీ కా ప్యాలెస్" అని నాయనమ్మను ఆటపట్టించేది.

ఇంట్లో చెప్పాను. మా ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. "సరే, ఇక్కడే తోర్వా వైపు ఇల్లు అద్దెకు తీసుకుందాం. ఒకటి రెండేళ్ళు. తర్వాత ఎల్దాం" అన్నారు. అత్త వైపు చూడకుండా అన్నారు.

 అత్త అన్నం తిని, పళ్ళెం కడిగి బోర్లించి వచ్చి అప్పుడంది. "రెండేళ్ళంటే మీకు లెక్క నేదు. నాకున్నాది."

ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి.   ఆవిడను ఆపి నేను పౌరురాలిని కావాలా, నేనాగిపోయి ఆవిడ ఊరెళ్ళాలా? ఎటు చూసినా ఒకరికి అన్యాయమే. పైగా నాకు కోపంగా కూడా ఉంది. కోపం ఆవిడ మీద కాదు అనుకునేదాన్ని కానీ ఆవిడ మీదే. ఆ ఒక్క మధ్యాహ్నం నేను బజారుకు వెళ్ళకుండా ఉంటే ఈ గొడవే లేదు కదా అనిపించేది.

మా ఆయన రిటైరయ్యాక తోర్వాలో రెండు గదుల ఇంట్లోకి మారాం, కొత్త చిరునామాతో మళ్ళీ విచారణ కోరుతూ అర్జీ ఇచ్చాను. అక్కడ దిగిన కొన్నాళ్ళకు అత్త రతన్‌పూర్ అమ్మవారి దగ్గరకు తీసుకెళ్ళమంది. ఇద్దరం బస్సులో వెళ్ళాం. దర్శనం అయ్యాక గుడి బయట మెట్ల మీద కూర్చున్నాం. కొబ్బరి చెక్క విరిచి నా చేతిలో పెట్టింది. పెట్టి అడిగింది.

"గుంటా, నాను ఊర్లో ఎప్పుడున్నానే?"

"నన్నడుగుతావేమిటత్తా?"

"నాకే తెలవటం నేదు. మా నాయన ఎండాకాలం సెలవులకి తీసుకెల్లేవోడు. పది పదిహేను దినాలు. పెళ్ళైతే ఇక్కడే అయ్యింది. పిల్లలు ఇక్కడే పుట్టినారు." ఒళ్ళో పడ్డ కొబ్బరి పీచు దులుపుకుంది. "మా అమ్మని ఇక్కడి అర్పా ఏటి ఒడ్డునే కాల్చినారు. మా నాయన్నీ అక్కడే. మీ మావనీ అక్కడే. ఊర్లో నాకు ఒక సావు కూడా నేదే."

ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని తెలిసినప్పుడు ఎలా అంటుందో అలాగే అంది. నేను కొబ్బరి తినలేకపోయాను.   తిరిగొచ్చే బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటకే చూసింది.

ఆ సాయంత్రం కొడుకును పిలిచింది. "ఒరే, ఊర్లో జాగా అమ్మేసీ."

మా ఆయన తెల్లబోయారు. "ఎందుకమ్మా ఇప్పుడు? ఉండనీ. దానికేం తిండి పెట్టాలా?"

"ఆ పోలీసాయన మళ్ళీ వొస్తాడు. ఊర్లో మీకేటైనా ఉన్నాదా అని అడుగుతాడు. ఉన్నప్పుడు నేదని నాను సెప్పలేను. నా నోట అబద్ధం రాదు. నేకుండా సేసీ, అప్పుడు నేదని సెప్తాను."

"అత్తా, వద్దు" అన్నాను నేను. నిజంగానే వద్దనుకున్నాను. నా కాగితం కోసం ఆవిడ తులసికోట పోవాలా? "ఈ విచారణ కాకపోతే ఇంకోటి. నేను పర్మిట్ మీదే ఉంటాను. ఇన్నాళ్ళూ ఉండలేదా?"

"ఉన్నావు. ఏటా ఎల్లొచ్చి మూల కూకునేదానివి. నాకు కనపడనేదనుకున్నావా?" అంది.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. మా ఆయన లేచి బయటకు వెళ్ళి మెట్ల మీద నిలబడ్డారు. వారం తిరక్కుండా ఆయనా, మా అత్త తరఫు చుట్టం ఒకాయనా ఫోన్లలో మాట్లాడుకుని జాగా బేరం కుదిర్చేశారు. సంతకం పెట్టడానికి ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు. వచ్చాక అత్త అక్కడి సంగతులు ఏమీ అడగలేదు. ప్రతిసారీ అడిగేది, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, వానలు పడ్డాయా అని. ఈసారి, "భోజనం సేసినావా?" అని మాత్రం అడిగింది.

రెండో విచారణకు వేరే మనిషి వచ్చాడు. కుర్రవాడే, ఛత్తీస్‌గఢీ యాసలో హిందీ మాట్లాడుతున్నాడు. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను కానీ నన్ను లోపలికి వెళ్ళమని అత్త కళ్ళతోనే చెప్పింది. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని మంచం మీద నిటారుగా కూర్చుంది. ఎప్పుడూ గోడకు ఆనుకునే కూర్చుంటుంది, ఆరోజు ఆనుకోలేదు.

"మాతాజీ, ఆప్ లోగ్ కహాఁ కే హైఁ?" మీదే ఊరని అడిగాడు.

అత్త కొంగు భుజం మీదికి లాక్కుంది.  

"హమ్ యహీఁ కే హైఁ, బేటా" అంది అత్త. "మైఁ యహీఁ పైదా హుయీ." మేం ఇక్కడివాళ్ళమే, నేను పుట్టిందీ ఇక్కడే అని.

"ఆంధ్రా మేఁ ఘర్, జమీన్?"

"కుఛ్ నహీఁ హై." అక్కడ ఇల్లూ జాగా ఏమీ లేవని.

"ఔర్ బహూ?"

"బహూ బర్మా సే ఆయీ. జబ్ సే ఆయీ, యహీఁ హై. మేరే సామ్నే హై." బర్మా నుంచి వచ్చిన కోడలు, వచ్చినప్పటి నుంచీ ఇక్కడే, నా కళ్ళ ముందే ఉందని.

అతను రాసుకున్నాడు. అడిగినదానికన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు అత్త. టీ కూడా తాగమనలేదు. ఇంటికొచ్చిన మనిషిని ఆవిడ టీ ఇవ్వకుండా పంపడం నేను చూడటం అదొక్కసారే. అతను వెళ్ళాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కాళ్ళు పడితే వద్దనలేదు.

కాగితం రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. బర్మా పాస్‌పోర్టు వదులుకోవాలి, ప్రమాణం చెయ్యాలి, ఇంకా ఏవో సంతకాలు. ప్రమాణం చేసిన రోజు ఆఫీసరుగారి ముందు ఒక వాక్యం తప్పింది, రెండోసారి చదవాల్సి వచ్చింది. మా అమ్మాయి పక్కనుండి, "ఆరామ్ సే, మమ్మీ" అని తొందరపడొద్దంది. మా నాన్న గుర్తొచ్చాడు. కడుపులో ఉన్నందుకు ఒక దేశం పోగొట్టుకున్న మనిషి. ఆయన ఉండి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. బహుశా ఇంత ఆలస్యమేమిటని కోప్పడేవాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు తిన్నగా అత్త దగ్గరకు వెళ్ళాను. ఆవిడ చేతిలో పెట్టాను. అందులో ఏం రాసి ఉందో ఆవిడ చదవలేదు. రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుని తిరిగి నాకిచ్చింది. ఆవిడ సంతోషం నిజమైనదే. అందులో నాకు అనుమానం లేదు.

నాకేమో ఆ సంతోషంలో ఏదో ఒకటి ఆవిడకు ఇవ్వాలనిపించింది. "అత్తా, ఇంక నన్ను ఎవరూ ఆపరు. ఫైలు లేదు, విచారణ లేదు. ఈ ఎండాకాలం మనం ఊరెళ్దాం. నువ్వూ నేనూ. నెల్లాళ్ళు ఉండొద్దాం" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"ఎవులింటికెల్తామే?"

 ఆ ఊళ్ళో ఆవిడకు మిగిలిన ఒక్క జాగా నా చేతిలోని కాగితమైపోయింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. అత్త మంచం దిగి దగ్గరకొచ్చి చీరచెంగుతో నా మొహం తుడిచింది.

"ఇంట్లో మంచి జరిగిన దినం ఏడుస్తారేటే? పో, పాలు పెట్టు. పాయసం వొండుదాం" అంది.